300 నుంచి 165కి: కార్వెట్ శక్తి నిజంగా సగమైందా?

"1970 షెవ్రొలే కార్వెట్‌కు 300 హార్స్‌పవర్, 1975 కార్వెట్‌కు 165. అరబ్ దేశాలు చమురు ఆపేయడంతో బెదిరి ఇంజిన్‌ను సగానికి సగం చంపేశారు." పాత అమెరికన్ కార్ల మాట వచ్చిన ప్రతిచోటా ఇదే వినిపిస్తుంది. అంకెలు రెండూ కంపెనీ చెప్పినవే. వాటిని పక్కపక్కన పెట్టడమే తప్పు.

ఆ 300 'గ్రాస్' లెక్క. ఇంజిన్‌ను విడిగా స్టాండుకు బిగించి, ఫ్యాన్, ఆల్టర్నేటర్, ఎయిర్ క్లీనర్, సైలెన్సర్ ఏవీ లేకుండా, ఇగ్నిషన్ టైమింగ్‌ను కూడా అనుకూలంగా సర్దుకుని కొలిచేవారు. 165 'నెట్' లెక్క. కారులో ఆ ఇంజిన్ మోయాల్సిన సరంజామా అంతా తగిలించి కొలిచింది. 1972 నుంచి అమెరికన్ కంపెనీలు నెట్‌కు మారాయి.

ఈ తేడా ఎంతో ఊహించుకోనక్కర్లేదు. 1971లో షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్ రెండు లెక్కలూ ఇచ్చింది. కార్వెట్ బేస్ ఇంజిన్, అంటే 350 క్యూబిక్ అంగుళాల వీ8: గ్రాస్ 270, నెట్ 210. అదే ఏడాది, అదే 350 సైజులో ఎక్కువ శక్తినిచ్చే ఎల్‌టీ-1 ఇంజిన్: 330, 275. పెద్ద 454 ఇంజిన్ ఎల్ఎస్5: 365, 285. ఒక్క బోల్టు మార్చకుండానే బేస్ ఇంజిన్ కాగితం మీద 60 హార్స్‌పవర్ పోగొట్టుకుంది! ఈ ఒక్క ఏడాది పట్టిక చూసినవాళ్లెవరూ 300 పక్కన 165 రాయరు.

మరి శక్తి అసలు తగ్గలేదా? తగ్గింది, అది దాచకూడదు. 1971 నిష్పత్తిలోనే 1970 ఇంజిన్‌ను లెక్కిస్తే నెట్ సుమారు 230 వస్తుంది. అక్కణ్నుంచి 165 అంటే మూడో వంతుకు కాస్త తక్కువ నష్టం. చిన్నదేమీ కాదు, కానీ సగమూ కాదు.

ఇక చమురు సంగతి. అరబ్ దేశాల నిషేధం మొదలైంది 1973 అక్టోబర్‌లో. కార్వెట్ బేస్ ఇంజిన్ కంప్రెషన్‌ను, అంటే సిలిండర్‌లో గాలి-పెట్రోల్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్కను, 10.25 నుంచి 8.5కి దించింది 1971 మోడల్‌కే. అది తగ్గితే శక్తీ తగ్గుతుంది. సీసం తక్కువున్న పెట్రోల్‌తో నడవాలని ఆ పని చేశారు, ఎందుకంటే పొగను శుభ్రం చేసే, రాబోయే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను సీసం పాడుచేస్తుంది. కన్వర్టర్ 1975లో వచ్చింది, ఎగ్జాస్ట్ పొగంతా దాని గుండానే పోవాల్సి వచ్చింది. ఇంజిన్‌ను మార్చింది పొగ నియంత్రణ. చమురు నిషేధం దాని తర్వాతి కథ.

"నెట్ అంటే చక్రాల దగ్గర కొలిచింది, మిగతాది గేర్‌బాక్స్ తినేసింది" అనేవాళ్లూ ఉన్నారు. కాదు. రెండు లెక్కలూ ఇంజిన్ దగ్గర తీసినవే, గేర్‌బాక్స్ నష్టం దేంట్లోనూ లేదు. నాలుగు గేర్ల మాన్యువల్ కొన్నా, ఆటోమేటిక్ కొన్నా ఆ 165 అలాగే ఉంటుంది.

పైగా 1975లోనే అదనంగా డబ్బు కట్టి ఎల్-82 ఇంజిన్ తీసుకున్నవారికి దక్కింది 205 నెట్. పోల్చాలంటే దాన్ని 1971 ఎల్‌టీ-1 నెట్ 275తో పోల్చండి, 1970 ఎల్‌టీ-1 గ్రాస్ 370తో కాదు.