గోడ స్విచ్ గారికి ఫైనలియర్ బ్యాచ్ విన్నపం

మహారాజశ్రీ గోడ స్విచ్ గారికి, ఫైనలియర్ స్మార్ట్ హోమ్ ప్రాజెక్టు బ్యాచ్ నలుగురం నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నిజానికి ఉభయుల్లో కుశలంగా ఉన్నది మీరే. మీ బదులు లైట్లు వేయాల్సిన మా రిలే బోర్డు రాత్రి నుంచీ టక టకా కొట్టుకుంటోంది.

మిమ్మల్ని గద్దె దించడమే మా ప్రాజెక్టు లక్ష్యం. 'సంప్రదాయ స్విచ్చుల లోపాలు' అని మీ మీద రిపోర్టులో ఒక చాప్టరే ఉంది. ఆ లోపాలేమిటో మాలో ఎవరికీ తెలీదు, సీనియర్ల రిపోర్టులో ఉంటే దించేశాం. పైగా మీ వయసు చూసి లోకువ కట్టాం. 1884లో ఇంగ్లండులో జాన్ హెన్రీ హోమ్స్ అనే ఇంజనీరు, నిప్పురవ్వ సాగి కాంటాక్టులు కాలిపోకుండా అవి ఠక్కున విడిపోయేలా మిమ్మల్ని తీర్చిదిద్దాడు. ఆ తర్వాత మీరెప్పుడూ డెమో రోజు పొద్దున్నే అప్‌డేట్ అడిగిన పాపాన పోలేదు. మాది అడిగింది.

మా లైటు వెలిగే వైనం వినండి. ఫోన్ వెతకాలి, లాక్ తీయాలి, యాప్ తెరవాలి, అందులో ఇల్లు, ఇంట్లో గది, గదిలో దీపం ఎంచుకోవాలి. బటన్ నొక్కితే ఆ కబురు ఎక్కడో ఉన్న సర్వర్ దాకా పోయి, తిరిగొచ్చి, ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్పు చెవిన పడి, అది రిలేకి చేరేస్తే, మంచం పక్కనున్న లైటు వెలుగుతుంది. 0.1 సెకను లోపు స్పందన ఉంటేనే మనిషికి 'నొక్కాను, వెలిగింది' అనిపిస్తుందని పరీక్షలో రాసి మార్కులు కొట్టేసిన వాళ్లం మేం. మా దీపానికి మూడు సెకన్లు పడుతుంది. ఈలోగా మనిషి ఊరుకుంటాడా, మళ్లీ నొక్కుతాడు. వెలిగిన దీపం వెంటనే ఆరుతుంది.

రిలేది ఇంకో తిరకాసు. మేం కొన్నదానికి సున్నా ఇస్తే ఆన్, ఒకటి ఇస్తే ఆఫ్. బోర్డు లేవగానే ముందుగా ఒకటి ఇవ్వాలన్నది మేం మరిచాం. దాంతో అర్ధరాత్రి కరెంటు పోయి వస్తే ఇంట్లో లైట్లన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. రిపోర్టులో దీన్ని 'వెల్‌కమ్ మోడ్' అన్నాం.

బాత్‌రూం సెన్సర్ సంగతి రాయడానికి సిగ్గేస్తోంది. వేడి కదిలితేనే దానికి మనిషి ఉన్నట్టు. కదలకుండా కూర్చుంటే లేనట్టే. లోపలివాళ్లు చీకట్లో చేతులు ఊపుతూ కూర్చుంటున్నారు.

ఇక 'యూజర్ ఫ్రెండ్లీ' అని నిరూపించాలి కదా. మా నలుగురం సర్వే ఫారాలు నింపుకుని, మాకు మేమే ఫ్రెండ్లీ అని తేల్చుకున్నాం. గైడ్ సార్ ఒప్పుకోకపోతే మాలో ఒకడి అమ్మమ్మ గారిని కూర్చోబెట్టాం. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ దూరంగా పట్టి, దగ్గరగా పట్టి, "ఎక్కడ నొక్కాలి నాయనా?" అన్నారు. చూపించాం. వేలు కాస్త ఎక్కువసేపు ఆనించేసరికి దీపానికి పేరు మార్చమంటూ ఇంకో పెట్టె తెరుచుకుంది. ఆవిడ ఫోన్ పక్కన పెట్టేసి, లేచి, గోడ తడుముకుంటూ వెళ్లి మిమ్మల్ని నొక్కారు.

అలవాటు. కానీ ఆ నొక్కుడుకి మా బోర్డుకి కరెంటే ఆగిపోయింది. యాప్‌లో ఇల్లంతా 'ఆఫ్‌లైన్'. అందుకే, క్షమించాలి, మీ మీద టేపు వేసి 'దయచేసి నొక్కకండి' అని రాశాం. యూజర్ మాన్యువల్‌లో అందరికీ అర్థమైన పేజీ అదొక్కటే.

అసలు విషయం, ఎల్లుండి వైవా. టేపు పీకేశాం. డెమో దీపాన్ని నేరుగా మీకే కలిపాం. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారి ముందు మావాడు యాప్ నొక్కగానే, తెర వెనక ఇంకొకడు మిమ్మల్ని నొక్కుతాడు. మరీ వెంటనే వెలిగితే అనుమానం వస్తుందని వాణ్ని ఒకటి నుంచి మూడు లెక్కపెట్టమన్నాం.

ఒక్కటే మనవి. ఆ 'టక్' మాత్రం కాస్త మెల్లగా.

చిత్తగించవలెను,
మీ బ్యాచ్