హాస్కెల్ మెయిన్ గారి సముఖానికి ఒక మహజరు

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రోగ్రాం నడక ఎక్కడ మొదలవ్వాలో చెప్పే మహారాజశ్రీ మెయిన్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, నిన్న మధ్యాహ్నం ఒంటిగంట నుంచి దీపాలు పెట్టే వేళ దాకా జరిగినదాన్ని బట్టి కుశలం తమరి ఒక్కరి దగ్గరే మిగిలిందని మనవి చేసుకుంటున్నాను.

దామలచెరువు మండీకి మా మామగారు తోలిన తోతాపురి లోడ్ల తూకాలు కూడి మొత్తం చెప్పే చిన్న ప్రోగ్రాం అది. మొదటి వరుసలో మాడ్యూలుకు, అంటే ఆ కోడ్ మూటకు, ‘మామిడి’ అని ముచ్చటగా పేరు రాసి, అడుగున తమరిని శాస్త్రోక్తంగా ప్రతిష్ఠించి, తమరి ద్వారపాలకుడైన జీహెచ్‌సీ కంపైలరుకు, అంటే రాసిన కోడ్‌ను కంప్యూటరు నడపగల రూపంలోకి మార్చే ప్రోగ్రాముకు, అప్పగించాను. ఒకటికి ఒకటీ కంపైల్ చేస్తున్నానని అది ప్రకటించింది. తప్పు చూపలేదు, హెచ్చరిక చేయలేదు. నడపడానికి ఫైలు మాత్రం పుట్టలేదు. ఒక .ఓ, ఒక .హెచ్‌ఐ, ఈ రెండు మధ్యంతర ఫైళ్లూ ప్రసాదం అయిపోయాక మిగిలిన దొన్నెల్లా పడి ఉన్నాయి.

కంపైలరును తీసేసి మళ్లీ ఎక్కించాను. ఫోల్డర్లన్నీ గాలించాను. ‘‘ఏం నాయనా, తేలినట్టేనా?’’ అని మామగారు మూడుసార్లు ఫోన్ చేశారు.

సాయంత్రానికి తెలిసిన రహస్యం ఏమిటంటే, తమరు కొలువుండే మాడ్యూలు పేరు కూడా మెయిన్ అయితేనే తలుపు తెరుచుకుంటుందట. మరో పేరుంటే అది ఇంకెవరో వాడుకునే సరుకని భావించి, కంపైలరు లింకు చేయడమే, అంటే ముక్కలన్నీ కలిపి నడిచే ఫైలు చేయడమే, మానేస్తుందట. అసలు ఆ మొదటి వరుసే రాయని సోమరికి మెయిన్ అన్న పేరు దానంతటదే అమరుతుంది. పద్ధతిగా రాసిన నాకు తలుపు మూసుకుంది! వచ్చే ఫైలుకు -ఓ అనే ఆదేశంతో పేరు పెట్టి ఉంటే కంపైలరు అప్పుడు నోరు విప్పేదట. ఓ ద్వారపాలకుడా, అంకె ఉండాల్సిన చోట అక్షరాలు కనిపిస్తే అరఠావు ఉపన్యాసం ఇస్తావే, కళ్లెదుట మెయిన్ అని రాసి ఉన్నా ‘బాబూ, మాడ్యూలు పేరు చూసుకో’ అని ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు రాలేదా? అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వచ్చినవాడికి మహాద్వారం ఎటో చెప్పడానికి కొండమీద ఎవరో ఒకరుంటారయ్యా!

మన్నించాలి, ఆవేశపడ్డాను. 1990లో హాస్కెల్ భాష నియమాల తొలి నివేదిక వెలువడినా, ఇప్పుడు తమరు ధరించే ఐఓ (ఇన్‌పుట్-అవుట్‌పుట్) వేషం కుదిరేసరికి 1996 అయిందంటే, తమరికి బయటి లోకంతో మాటలు మొదటినుంచీ కష్టమేనని గ్రహించాల్సింది. ఆ ఐఓ పక్కన ఖాళీ బ్రాకెట్లు ఎందుకో కొత్తవారికి చెప్పి చూడండి, అది వేరే మధ్యాహ్నం.

పేరు మార్చాక ప్రోగ్రాం మొదటిసారికే తొణక్కుండా నడిచిందని ఒప్పుకోక తప్పదు. అప్పటికే మామగారు పాత క్యాలెండరు వెనక పెన్సిలుతో కూడేశారు. రెండు మొత్తాలూ కిలో తేడా లేకుండా కలిశాయి. ఆ క్యాలెండరు కాగితానికి ఏ మాడ్యూలు పేరూ లేదు.

ఇట్లు,
తమరి గడప దగ్గర ఒక పూట పడిగాపులు పడిన
తిరుపతివాసి