గడ్డి ఉన్నచోట వదిలేస్తే గినీ పిగ్స్ బతికేస్తాయట!

ఈ వారంలో ఆ మెసేజ్ నా ఫోన్‌కి రావడం ఇది నాలుగోసారి. మొదట మా వీధి గ్రూపులో వచ్చింది, తర్వాత మా చిన్నమ్మ పంపింది, ఆ తర్వాత ఆఫీసులో ఒకావిడ, ఈ పొద్దున్న నా పాత క్లాస్‌మేట్. “గినీ పిగ్స్ పెంచలేకపోతున్నారా? టెన్షన్ వద్దు” అని మొదలై, రెండు చేతులు జోడించిన బొమ్మతో ముగిసే ఆ మెసేజే. కుందేలు కంటే చిన్నగా, తోక లేకుండా ఉండే ఈ పెంపుడు జంతువుల్ని సెలవుల్లో పిల్లలు మారాం చేశారని కొని, బడులు తెరిచాక విసుగెత్తినవాళ్లు మన విజయనగరంలో ఇంతమంది ఉన్నారని నాకు ఇప్పుడే తెలిసింది. అందులో ఐదు సలహాలున్నాయి. చదివి ఊరుకుందామనుకున్నాను, నా వల్ల కాలేదు.

“అన్నం, బ్రెడ్, పాలు ఏది పెట్టినా తింటాయి, ఎవరికైనా ఇచ్చేయొచ్చు.” కాదు. వాటి తిండి గడ్డి, ఆకుకూరలు. మనలాగే వాటి ఒంట్లోనూ సి విటమిన్ తయారు కాదు, రోజూ తిండిలోనే అందాలి. బ్రెడ్డులో అది ఎక్కడుందో మెసేజ్ రాసినాయన చెప్పాలి.

“కుందేళ్లున్న ఇంటికి ఇస్తే తోడుంటుంది.” కుందేలు వెనక కాళ్లతో ఒక్క తాపు తన్నిందంటే ఆ తోడు అక్కడితో సరి.

“ఆడామగా జంటగానే ఇవ్వండి, విడదీస్తే పాపం.” ఈ పాపపుణ్యాల లెక్క నాకు బాగా తెలుసు. మేము కొన్నప్పుడు షాపతను “రెండూ అక్కాచెల్లెళ్లే మేడం” అన్నాడు. దసరాకి రెండు తెచ్చాం, సంక్రాంతికి ఐదయ్యాయి, ఉగాదికి ఎనిమిది. ఈ జంతువుకి కడుపు రెండు నెలలు, కొంచెం అటూ ఇటూ. ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ కట్టగలదు. పిల్లలు కళ్లు తెరుచుకునే పుడతాయి, ఆ రోజే గునగునా పరిగెడతాయి. మూడు వారాలకల్లా మగపిల్లల్ని వేరు చేయకపోతే తల్లీ లేదు, చెల్లీ లేదు. తోడు కావాలన్న మాట నిజమే, ఒంటరిగా ఉంటే దిగులుపడతాయి. అయితే రెండు ఆడవి ఇవ్వండి, లేదా కలిసి పెరిగిన రెండు మగవి ఇవ్వండి. జంట జంట అంటూ పెళ్లిళ్ల పేరయ్యలా తయారవకండి.

ఇక నాలుగోది. నిద్ర పట్టనివ్వనిది. “ఎవరూ తీసుకోకపోతే పచ్చగడ్డి ఉన్నచోట వదిలేయండి. ప్రకృతి చూసుకుంటుంది.”

ఏ ప్రకృతి అండీ? దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల ప్రాంతంలో వేల ఏళ్ల కిందటే మచ్చికైన జంతువు ఇది. చెట్టెక్కలేదు, బొరియ తవ్వుకోదు, 30 డిగ్రీలు దాటితేనే వడదెబ్బకి వాలిపోతుంది. మన ఊరి మే నెల సంగతి నేను చెప్పాలా? వీధికుక్క, పిల్లి, ముంగిస, పైన గద్ద. ప్రకృతి చూసుకుంటుంది, నిజమే. ఒక్క పూటలో చూసుకుంటుంది.

మొన్న కూరగాయలు కొనుక్కుని అయ్యకోనేరు గట్టు మీదుగా వస్తున్నాను. చేతిలో కొత్తిమీర కవర్ గరగరమంది. పక్కన తుప్పల్లోంచి “వీక్, వీక్” అని ఈల. ఇంట్లో రోజూ వినే ఈల, కవర్ చప్పుడైతే ఆకులొచ్చాయని వేసేది! వంగి చూస్తే గోధుమరంగుది ఒకటి, చెవి అంచు తెగి, ఒళ్లంతా పల్లేరుకాయలు. కుక్కకి దొరికి తప్పించుకున్నట్టుంది. అప్పుడు కూడా నన్ను చూసి పారిపోలేదు, కొత్తిమీర అడిగింది. పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ “ఏటమ్మా అది, పందికొక్కా?” అంది. ఆవిడ తప్పేముంది, ఆవిడ దాన్ని కొనలేదు, వదల్లేదు.

ఆకలిదప్పులతో బాధపడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఒక ప్లేటు బజ్జీల ఖర్చు. కాబట్టి చట్టం పేరు చెప్పి ఎవర్నీ భయపెట్టలేను.

ఐదోది: “ఉచితంగా ఇవ్వకండి, ఎంతో కొంత తీసుకోండి.” దీని మీద పోట్లాడదామనే కూర్చున్నాను. ప్రాణానికి రేటేంటి అని. కానీ నిజం ఒప్పుకోవాలి. మా ఎనిమిదింట్లో నాలుగు ఉచితంగా ఇచ్చాను. తీసుకెళ్లిన కుర్రాడు వారం తిరక్కుండా ఫోన్ ఎత్తడం మానేశాడు. అవి ఏమయ్యాయో ఈ రోజుకీ తెలీదు. గట్టు మీద దొరికినదాన్ని మాత్రం, ఆడదే కాబట్టి, ఇంట్లో ఇంకో ఆడది ఉన్న టీచరు గారికి మూడు వందలు తీసుకునే ఇచ్చాను. వేసవిలో ఎక్కడ ఉంచుతారు, ఊరెళ్తే ఎవరు చూస్తారు అని పోలీసులా అడిగాను కూడా. ఆవిడ విసుక్కోలేదు. పైగా “చెవి పుండుకి ఏం రాయమన్నారండీ డాక్టరు?” అని తిరిగి నన్నే అడిగింది. ఈ ఒక్క విషయంలో మెసేజే కరెక్టు, నేనే తప్పు.

మా ఇంట్లో ఇంకా మూడు మగవి ఉన్నాయి. కావలసినవాళ్లు గ్రూపులో కాకుండా నేరుగా ఇంటికొచ్చి చూడండి. కుందేళ్లున్నవాళ్లు వద్దు.