బోర్డు పోయిందంటే పోయినట్టే

"బోర్డు పోయింది, మార్చాలి" అన్నది మన కాలపు వేదవాక్కు. టీవీ స్క్రూలు ఇంకా సగమైనా ఊడకముందే మెకానిక్ నోట వెలువడుతుంది. చెన్నైలో దీన్నే "బోర్డు పోచ్చు సార్" అని పఠిస్తారు. ధర వినగానే గృహస్థుకు వైరాగ్యం కలుగుతుంది. ఆ వైరాగ్యం సాయంత్రానికల్లా నెలవారీ వాయిదాల మీద కొత్త టీవీగా ఇంటికి వస్తుంది. దుకాణదారుడు, వడ్డీకి ఇచ్చినవాడు, అట్టపెట్టెలు చేసేవాడు అందరూ చల్లగా ఉంటారు.

ఇంతటి చక్కని ఏర్పాటును కొందరు పౌరులు పాడుచేస్తున్నారు. టీవీ మూత తామే విప్పుతున్నారు.

పెరంబూరులో మా పై అంతస్తు లెక్కల మాస్టారినే తీసుకోండి. టీవీలో ఎర్రదీపం మిణుకుమంటుంది తప్ప బొమ్మ రాదు. పెద్దమనిషి తరహాలో డబ్బు కట్టక, పవర్ బోర్డు మీద తల ఉబ్బిన కెపాసిటర్ (కరెంటు ఛార్జిని నిలవచేసే చిన్న డబ్బా) ఒకటి పట్టుకున్నారు. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌కు వెళ్ళి, అదే మైక్రోఫారడ్ విలువ (అంటే అదే నిలవ సామర్థ్యం), 16 వోల్టుల బదులు 25 వోల్టులు, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం కొన్నారు. వోల్టులు ఎక్కువైనా ఫరవాలేదు కానీ తక్కువ కాకూడదట, మైనస్ గీత తారుమారు కాకూడదట. ఒక కాఫీ డబ్బులకు టీవీ వెలిగింది. దేశ ఆర్థిక వ్యవస్థకు ఎంత నష్టమో ఆయన లెక్కగట్టారా? లెక్కల మాస్టారు కదా!

ఇలాంటి ప్రమాదకర జ్ఞానం పాకిపోతోంది. మాట వినిపించి బొమ్మ కనిపించకపోతే చీకట్లో టార్చి వేసి చూస్తున్నారు. లీలగా బొమ్మ కనబడితే పోయింది వెనక వెలుగిచ్చే ఎల్ఈడీ పట్టీయో, దానికి కరెంటు అందించే డ్రైవరో అని తేల్చేస్తున్నారు. ఫ్యూజు కాలితే కొత్తది వేసి ఊరుకోక, షార్ట్ అయిన మాస్‌ఫెట్ (కరెంటుకు స్విచ్చులా పనిచేసే భాగం) కోసం, ఏసీని డీసీగా మార్చే డయోడ్ బ్రిడ్జి కోసం మీటరు పట్టుకుని వెతుకుతున్నారు. ఫ్యూజు చోట రాగితీగ చుట్టే పాతతరం ఎంత నయం! వాళ్ళ చలవతో మిగిలిన బోర్డు కూడా పోయేది.

మా పక్షాన నిలబడ్డ వీరుడు ఒక్కడే, పెద్ద ఫిల్టర్ కెపాసిటర్. 230 వోల్టుల కరెంటు బ్రిడ్జి దాటేసరికి సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది. ప్లగ్గు పీకినా అది వీడిలో కాసేపు కాపు కాసి, తెలియనివాడి ప్రాణం తీయగలదు. కానీ మాస్టారు ప్లగ్గు పీకి, తగిన రెసిస్టర్‌తో ఛార్జి దింపి, మీటరుతో సున్నా చూశాకే చెయ్యి పెట్టారు. ఇంత జాగ్రత్తపరులతో ఎవరు పోరాడగలరు?

బల్లులనూ నమ్ముకోలేకపోయాం. పంచాంగంలోని బల్లిశాస్త్రం తలమీద పడితే ఏమిటో, భుజంమీద పడితే ఏమిటో చెబుతుంది కానీ పవర్ బోర్డు మీద పడితే ఏమవుతుందో చెప్పదు. బోర్డు షార్ట్ అవుతుంది. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని ముట్టుకుంటే మన దోషం పోతుందంటారు, బోర్డు దోషం మాత్రం పోదు. అక్కడ కూడా గెలిచేది టంకమే.

ప్రభుత్వం సంగతి చెప్పనక్కర్లేదు. 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. ఈ-వ్యర్థాల కొత్త నియమాలను 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చి, పాత టీవీల బాధ్యతను తయారీదారుల నెత్తిన పెట్టింది. నా మనవి ఒక్కటే. స్టార్ స్క్రూడ్రైవర్ కొనాలంటే ఇద్దరు గెజిటెడ్ అధికారుల సంతకం ఉండాలి, మల్టీమీటర్‌కు పోలీసు విచారణ జరగాలి.

అంతవరకు మాస్టారి మీద అసోసియేషన్‌లో తీర్మానం పెడదామనుకున్నాం. కార్యదర్శిగారి టీవీ మాస్టారి బల్లమీదే విప్పి ఉందని తెలిసి వాయిదా వేశాం.