దిబ్బల్లో బంగారం సరే, లైన్లలో మనుషుల సంగతేంటి?

కోలార్ మళ్లీ సర్కారు కంట్లో పడింది. కేజీఎఫ్ (కోలార్ బంగారు గనులు)లోని 13 సైనైడ్ దిబ్బల్లో, అంటే సైనైడ్‌తో బంగారం తీశాక పోసిన పిండిరాతి గుట్టల్లో, మిగిలిన బంగారాన్ని తీస్తామని కేంద్రం అడిగితే, 2024లో కర్ణాటక మంత్రివర్గం సరేనంది. తీయొద్దని మేం అనడం లేదు. కానీ ఆ దిబ్బల పక్కనే రేకుల ఇళ్లలో ఉంటున్నవాళ్ల సంగతి ముందు తేల్చాలి.

1880లో బ్రిటిష్ గనుల సంస్థ జాన్ టేలర్ కంపెనీ దిగాక అక్కడ ఊళ్లకు ఊళ్లే లేచాయి. మన చిత్తూరు నుంచి, ఉత్తర ఆర్కాడు, సేలం నుంచి జనం మూటాముల్లె సర్దుకుని వచ్చారు, ఎక్కువమంది దళితులే, సొంతూళ్లో భూమి లేక, పెత్తందార్ల కింద బతకలేక. 1902లో కావేరి మీది శివనసముద్రం జలపాతం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగ లాగి గనులకు కరెంటు తెచ్చారు, అప్పటికి బెంగళూరుకే కరెంటు లేదు. దొరలకు బంగళాలు, క్లబ్బు. కూలీలకు తడికల గోడల ఒంటిగది ఇళ్లు, వరుసగా కట్టినవి, వాటినే లైన్లు అంటారు.

చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత లోతులో రాయే సెగలు కక్కుతుంది, పైనున్న కొండ బరువుకి ఒక్కోసారి బాంబులా పేలుతుంది కూడా. అలా పోయినవాళ్లు పోగా, రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడై, ఆయాసంతో మంచం పట్టినవాళ్లు ఎందరో. నూట ఇరవై ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం పైకొచ్చింది. మొదట్లో టన్ను రాయికి 40 గ్రాములు దాటి పడేది, చివరికి మూడు నాలుగు గ్రాములకు వచ్చేసరికి గిట్టుబాటు కాక 2001 ఫిబ్రవరి 28న తాళం వేశారు. పంపులు ఆగాయి, గనుల్లోకి నీళ్లొచ్చాయి. ఇవతల కుప్పం దగ్గరి చిగురుగుంట గనీ మూతపడింది.

ఇప్పుడు తెల్లారకముందే కేజీఎఫ్‌లోని మారికుప్పం స్టేషన్‌లో రైలెక్కి బెంగళూరు వెళ్లి కూలికో, సెక్యూరిటీ డ్యూటీకో చేరి, రాత్రికి ఇల్లు చేరేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్ల తాతలు తవ్విన మట్టే ఆ దిబ్బలు. గాలి లేస్తే చాలు, ఆ బూడిదరంగు దుమ్ము అన్నం గిన్నె మీద, ఆరేసిన బట్టల మీద, పిల్లల కళ్లలో పడుతుంది.

రేపు దిబ్బల్ని యంత్రాలతో కదిలిస్తే ఆ దుమ్ము ఎంత లేస్తుంది? టెండరు కాగితాల్లో దానికి జవాబు రాయండి. పని మొదలయ్యేలోపు లైన్లలో ఇంటింటికీ పట్టా ఇవ్వండి, పాత కార్మికులకు ఛాతీ పరీక్షలు చేయించండి, ఉద్యోగాల్లో మొదటి పేర్లు మారికుప్పం రైలెక్కేవాళ్లవే రాయండి.