అష్టలక్ష్ములకు నాలుగు ఫైళ్లు

హనుమకొండలో ఇల్లు కడుతున్న జనం ఇప్పుడు రెండు పార్టీలుగా చీలిపోయారు. తలుపు మీద నగిషీని చేత్తో చెక్కించేవాళ్లది ఉలి పార్టీ, కంప్యూటరు నడిపే మిషనుతో చెక్కించేవాళ్లది మిషను పార్టీ. నేను పుట్టుకతో ఉలి పార్టీ వాణ్ణి. మొన్న మాఘంలో మిషను పార్టీ కండువా కప్పుకున్నాను. శ్రావణానికల్లా మళ్లీ సొంత గూటికి చేరాను. రెండు వైపుల లోగుట్టూ తెలిసినవాణ్ణి కాబట్టి, ఈ విషయంలో నిష్పక్షపాతంగా మాట్లాడే అర్హత ఉమ్మడి వరంగల్ జిల్లా మొత్తంలో నాకొక్కడికే ఉందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

తగవంతా సింహద్వారం దగ్గరే. బాత్రూంకు ప్లాస్టిక్ తలుపు బిగించినా అడిగేవాడుండడు. వంటింటికి తలుపే లేకపోతే ఓపెన్ కిచెన్ అని పేరు పెట్టుకుని ఊరుకుంటాం. సింహద్వారానికి మాత్రం టేకు కావాలి, దాని మీద నగిషీ కావాలి, ఆ నగిషీ ఎదురింటి వాళ్ల నగిషీ కన్నా ఒక నూలు ఎక్కువ లోతుండాలి. దొంగల సంగతి సీసీ కెమెరా చూసుకుంటుంది. తలుపు ఉన్నది చుట్టాల కోసం.

మా బావమరిది అష్టలక్ష్ములు కావాలన్నాడు. రెక్కకు నలుగురు చొప్పున రెండు రెక్కలకు ఎనిమిది మంది. దర్వాజ ఎత్తినప్పుడు కొత్త బట్టలు పెట్టి కొబ్బరికాయ కొట్టించిన వడ్లాయన దగ్గరికే ముందు వెళ్లాం. కట్టె కోత మిల్లు వెనక వేపచెట్టు కింద ఆయన అడ్డా. మేం తెచ్చిన టేకు ముక్కను తిప్పి చూశాడు. బొటనవేలు తడి చేసుకుని చెక్క మీద రుద్దాడు. నార ఎటు నడుస్తోందో, కణుపు ఎక్కడ దాక్కుందో చూసుకున్నాడు. ఆ తర్వాత ఉలుల మూట విప్పాడు. పాత లుంగీ గుడ్డలో ఇరవై దాకా ఉన్నాయి. కొన్ని తిన్నని మొనవి, కొన్ని గోరులా వంపు తిరిగినవి. ఒకటి బియ్యపు గింజంత సన్నం.

“ఇది దేనికి కాకా?” అన్నాను.

“వేళ్ల సందులకు. ముక్కుపుడకకు గూడ ఇదే.”

“ఎన్ని రోజులు పడ్తది?” అన్నాడు బావమరిది.

“నలభై.”

“నలభయ్యా! రామప్ప గుడి కడ్తున్నవా ఏంది?”

“రామప్పకు నలభై ఏండ్లు పట్టిందంటరు బిడ్డా. నేను నలభై రోజులే అడిగిన.”

1213 నాటి గుడిని సాక్ష్యానికి పిలిస్తే ఆ గుడి ఎదుటి పక్షానికే సాక్ష్యం చెప్పింది. దాంతో బావమరిది విషయాన్ని కూలి దగ్గరికి మళ్లించాడు. రోజు కూలిలో యాభై తగ్గించమని అరగంట వాదించాడు. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లిపోయినట్టు నటించాడు. నేను వెనక్కి పిలిచినట్టు నటించాను. బేరం కుదరలేదు.

అక్కడి నుంచి మిషను షాపుకు పోయాం. అద్దాల క్యాబిన్, ఏసీ, ఇరవై రెండేళ్ల ఆపరేటరు. అతను స్క్రీన్ మీద అడుగుకు ఇంత అని రేటు చూపించి, కింద జీఎస్టీ అదనం అని రాసి ఉన్న లైను కూడా చూపించాడు. ఇందాక యాభై రూపాయల కోసం వేపచెట్టు కింద చెమట కక్కిన మా బావమరిది, కిక్కురుమనకుండా ఫోను తీసి స్కాన్ చేశాడు. మనిషి అడిగితే బేరం, స్క్రీన్ అడిగితే స్కాన్. స్క్రీనుతో బేరమాడటం అమర్యాద అని మనకు ఏ బళ్లో నేర్పారో తెలియదు.

మిషను గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, లేకపోతే తెలియకుండా తిడుతున్నానంటారు. దాని మంచం ఎనిమిది అడుగులు, వెడల్పు నాలుగు. దాని మీద టేకు పలకను పడుకోబెట్టి నలువైపులా బిగిస్తారు. లక్ష్మీదేవి పెన్‌డ్రైవ్‌లో వేంచేసి ఉంటుంది. ఫైలు పేరు ‘లక్ష్మి ఫైనల్ న్యూ 2’. ఆవాహన మంత్రాలేమీ అక్కర్లేదు, డబుల్ క్లిక్ చాలు. ముందు లావు బిట్టు దిగి ఎక్కువ చెక్కను గీకి పారేస్తుంది. తర్వాత మూడు మిల్లీమీటర్ల గుండు మొన బిట్టు, నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ, దుక్కి దున్నినట్టు చాలు పక్కన చాలు వేసుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి పోతుంది, వస్తుంది. దేవి నుదురు అయినా, తామర కాడ అయినా, వెనక ఉత్త మైదానమైనా దానికి ఒకటే. ముఖం దగ్గర కొంచెం ఆగుదామనిగానీ, శ్వాస బిగబట్టుకుందామనిగానీ దానికి అనిపించదు. ఆపరేటరు ఆ ఆరేడు గంటలూ ఫోన్లో క్రికెట్ చూశాడు. దేవి సృష్టి జరుగుతుంటే ఓవర్లు లెక్కపెట్టే భాగ్యం కాకతీయుల కాలంలో ఏ శిల్పికీ దక్కి ఉండదు.

ఈ విద్య పుట్టింది తలుపుల కోసం కాదు. 1940లలో అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కల అచ్చులు తేడా లేకుండా రావాలని లెక్కల కార్డులతో కుస్తీ పట్టాడు. ఆ దారిలోనే 1952లో అక్కడి ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు, చిల్లుల టేపు చదువుకుంటూ తనంత తానే కోసే మిల్లింగ్ మిషనును చూపించారు. హెలికాప్టర్ రెక్క కోసం మొదలైంది, డెబ్బై ఏళ్లకు మా బావమరిది తలుపు రెక్క దాకా వచ్చింది.

అయితే దానికొక అవలక్షణం ఉంది. ఈ షాపుల్లో ఉండే మూడు దిక్కుల మిషను అటూ ఇటూ పోతుంది, ముందుకూ వెనక్కీ పోతుంది, పైకీ కిందికీ పోతుంది, కానీ ఎప్పుడూ పైనుంచే పొడుస్తుంది. ఆకు అంచు కిందికి దూరి, వెనక చెక్క తీసి, ఆకును గాలిలో నిలబెట్టడం దానివల్ల కాదు. రామప్పలో చెక్కడానికీ స్తంభానికీ మధ్య సూది దూర్చి చూపిస్తారు గైడ్లు. మన మిషను ఆ సందును చూస్తే సాష్టాంగ నమస్కారం చేసి తిరుగు ప్రయాణం కట్టాల్సిందే. వాలి, తిరిగి చెక్కే ఐదు దిక్కుల మిషన్లూ ఉన్నాయి. ఆపరేటరును అడిగితే, “అవి ఉంటయి అన్నా, తలుపులకు గిట్టవు” అన్నాడు. ఇంకొకటి, మూడు మిల్లీమీటర్ల గుండు బిట్టు వెళ్లిన లోపలి మూలకు ఒకటిన్నర మిల్లీమీటరు గుండ్రం తప్పదు. అందుకే మిషను లక్ష్మి వేళ్ల సందులు నాలుగు రోజులు వాడిన సబ్బుబిళ్లలా ఉంటాయి.

కణుపు సంగతి సరేసరి. ఉలి పట్టినవాడు నార ఎదురు తిరిగితే తానూ అటు నుంచి ఇటు తిరుగుతాడు. మిషనుకు నార తెలియదు, ఎదురు తెలియదు. గజలక్ష్మి పక్కనున్న ఏనుగు చెవి దగ్గర కణుపు తగిలి, పెచ్చు లేచి ఎగిరిపోయింది. ఆపరేటరు నిబ్బరంగా బంకలో రంపపు పొట్టు కలిపి పూశాడు. “మ్యాచ్ అయితది అన్నా.” దీన్ని తప్పుపట్టలేం. నిర్మల్‌లో పొనికి చెక్క బొమ్మల ముక్కలు అతకడానికి చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి చింత లప్పం చేస్తారు. వాళ్లు దాంతో ఏనుగును తయారు చేస్తారు, ఇతను ఏనుగు చెవిని దాచిపెట్టాడు.

ఉలి పార్టీ వాళ్లు అప్పుడే చప్పట్లు కొట్టనక్కర్లేదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడికి పోయి ఆ స్తంభాల గుండ్రాలు చూడండి. చరిత్ర రాసేవాళ్లు వాటిని తరిమెన పట్టిన స్తంభాలంటారు, అంటే లేత్ పని. ఎనిమిది వందల ఏళ్ల కిందట తిప్పే యంత్రం కనిపిస్తే కాకతీయులు ధర్నా చేయలేదు, వాడుకున్నారు. ఇంగ్లండులో 1845లో జోర్డాన్ అనే ఆయన నమూనాను తడుముతూ కర్రను చెక్కే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. లండన్‌లో కొత్తగా కడుతున్న పార్లమెంటు భవనం నగిషీల్లో చాలా వాటిని ముందు దాంతో గీకించి, తర్వాత ఉలితో నగిషీ తీర్చారు. ఇప్పుడు మన ఎన్నారై బంధువులు దాని ముందు సెల్ఫీ దిగి, ‘ఆ రోజుల్లో చేతిపని అంటే అదీ’ అని ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. పూజ గది జాలీ, ఫంక్షన్ హాలుకు యాభై ఒకేలాంటి సింహాలు, సన్మాన సభలో ముప్పై మందికి పంచే కాకతీయ తోరణం మెమెంటోలు, ఇవన్నీ ఉలితో చెక్కించాలనేవాడికి తన మోకాళ్ల మీద ఉన్న మమకారం పరాయి మోకాళ్ల మీద లేదు. పొట్టు పీల్చడంలో మాత్రం రెండు పార్టీలదీ ఒకే మాట. కర్ర దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చినా, మిల్లు వెనక వడ్లాయనకు తువ్వాలే మాస్కు, ఏసీ క్యాబిన్ కుర్రాడికి జేబు రుమాలే మాస్కు.

సర్కారు కూడా ఉలి వైపే ఉంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది, పనిముట్లకు 15,000 రూపాయల వోచరు కూడా ఉంది. లక్షలు పోసి కొనే మిషను ముందు ఆ డబ్బుకు ఏమొస్తుంది? ఆపరేటరు కూర్చునే తిరుగుడు కుర్చీ వస్తుంది.

నా పరిశోధనలో తేలిన అసలు సంగతి వేరే ఉంది. మన దగ్గర చేతిపనికి ఇచ్చే గొప్ప మెచ్చుకోలు: “అబ్బ, అచ్చం మిషను మీద తీసినట్టే ఉన్నది!” మిషను పనికి ఇచ్చే గొప్ప మెచ్చుకోలు: “అబ్బ, అచ్చం చేత్తో చెక్కినట్టే ఉన్నది!” ఉన్నది ఉన్నట్టుగా ఎవరికీ నచ్చదు. అందుకని మిషను కంపెనీలకు నాదొక సూచన: ఒక తప్పుల బటన్ పెట్టండి. నొక్కితే ఒక కన్ను అరనూలు చిన్నగా రావాలి, నెమలి మెడ కాస్త పక్కకు పోవాలి. చేతిపని మోడ్ అని పేరు పెట్టి అడుగుకు రెట్టింపు తీసుకోండి. హనుమకొండ నుంచే మొదటి ఆర్డరు ఇప్పిస్తాను.

ఆ బటన్ లేకుండానే తప్పు రానే వచ్చింది, అదీ గృహప్రవేశం నాడు. పంతులుగారు సంకల్పం చెబుతున్నారు. అత్తమ్మ కడపకు పసుపు రాస్తూ తలెత్తి తలుపు వైపు చూసి ఆగిపోయింది.

“ఏందిర ఇది, అమ్మవారు ఎడమ చేత్తోటి దీవిస్తున్నది?”

అందరం చూశాం. ఎడమ రెక్క మీద నలుగురూ కుడి చేత్తోనే అభయమిస్తున్నారు. కుడి రెక్క మీద నలుగురూ ఎడమ చేయి ఎత్తారు. ధనలక్ష్మి నాణేలు కూడా ఎడమ చేతి నుంచే రాలుతున్నాయి. ఆపరేటరుకు ఫోన్ చేస్తే అమాయకంగా చెప్పాడు: “లక్ష్ములయి నాలుగే ఫైళ్లున్నయి అన్నా. రెండో రెక్కకు మిర్రర్ కొట్టిన. రెండు దిక్కుల సేమ్ వస్తే నీట్‌గ ఉంటది గద.”

అప్పుడు లెక్కపెట్టాం. ఆది, ధాన్య, గజ, ధన. మళ్లీ ఆది, ధాన్య, గజ, ధన. సంతాన, ధైర్య, విజయ, విద్యా లక్ష్ములు అసలు రానేలేదు. ధనలక్ష్మి రెండుసార్లు వచ్చిందని తెలిసి మా బావమరిది కొంతసేపు దీన్ని నష్టం కింద జమకట్టలేదు. విద్యాలక్ష్మి లేని ఇంట్లో మా పిల్లగాని ఇంటర్ సంగతేందని చెల్లె ఏడుపు మొదలుపెట్టాక గానీ విషయం తీవ్రత ఆయనకు ఎక్కలేదు. పంతులుగారు మాత్రం తలుపు తెరిచే ఉంచమన్నారు. గోడకు ఆనించి పెడితే ఎవరికీ కనిపించదట.

మర్నాడు వేపచెట్టు కింది నుంచి వడ్లాయనను కారులో తీసుకొచ్చాం. ఈసారి ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఆయన తలుపును తడిమాడు. ఏనుగు చెవి దగ్గర వేలు ఆగింది, ఏమీ అనలేదు.

“కుడి చెయ్యి చెక్కొచ్చు గద కాకా?”

“తీసిన చెక్క మల్ల రాదు బిడ్డా. ఈ నాలుగు పలకలు ఊడదీసి కొత్తయి చెక్కాలె. ఇరవై దినాలు.”

కూలి ఎంతని బావమరిది అడగలేదు. నాకు కళ్లు చెమర్చాయి. అంతలోనే ఆయన గొంతు సవరించుకున్నాడు.

“కాకా, ఒక్క మాట. ఈ రెక్క మీద మిషనుయి ఉంటయి కదా. నువ్వు చెక్కేటియి గూడ వాటికి మ్యాచ్ గావాలె. తేడా తెల్వద్దు.”

వడ్లాయన ధాన్యలక్ష్మి చేతిని కాసేపు చూశాడు.

“వేళ్ల సందులు గూడ గిట్ల మొద్దుగనే ఉంచాల్నా?”

“ఉంచాలె.”

ఆయన కింద కూర్చుని లుంగీ గుడ్డ విప్పాడు. బియ్యపు గింజంత సన్నపు ఉలిని తీసి మళ్లీ మూటలో పెట్టేసి, దాని పక్కనున్న మొద్దు మొనదాన్ని తీసుకున్నాడు.