టమాటా కాయ అడుగు నల్లబడితే ఎప్సమ్ సాల్ట్ వేయమంటున్నారు, వేయకండి

మిద్దె తోటల వాళ్ల మధ్య ఏటా చలికాలం రాగానే ఒక మెసేజ్ తిరుగుతుంది. "కుండీలో టమాటాకి ఎరువులు కొనక్కర్లేదు. నెలకో చెంచా ఎప్సమ్ సాల్ట్, గుప్పెడు గుడ్డు పెంకులు, అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు చాలు. కాయ అడుగు నల్లబడదు, పూత రాలదు." ఇది నమ్మి మంచి కాపు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"ఎప్సమ్ సాల్ట్ వేస్తే కాయ అడుగు నల్లబడదు." అన్నిటికన్నా నష్టం చేసే మాట ఇదే. కాయకు కాల్షియం అందకే అడుగున ఆ నల్లమచ్చ పడి తోలులా గట్టిపడుతుంది. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. అందులో కాల్షియం రవ్వంత కూడా లేదు. పైగా వేరు దగ్గర మెగ్నీషియం ఎక్కువైతే కాల్షియాన్ని మొక్క తీసుకోవడమే తగ్గిపోతుంది.

మట్టిలో కాల్షియం ఉన్నా కాయకు చేరకపోవడానికి ఎక్కువసార్లు కారణం నీళ్లే. కాల్షియం నీళ్లతో పాటే పైకెక్కుతుంది, ఆ నీళ్లలో ఎక్కువ భాగం ఆకులకే పోతుంది. మధ్యాహ్నానికి కుండీ ఎండి ఆకులు వేలాడాయంటే కాయకు వచ్చే ఆ కాస్తా ఆగిపోతుంది. మా మేడ మీద ఒకే మట్టి, ఒకే నారు రెండు చోట్ల పెట్టాను. ఎనిమిది అంగుళాల కుండీలో మొదటి గుత్తి కాయలు నాలుగూ నల్లబడ్డాయి. పక్కనే 20 లీటర్ల బకెట్‌లో ఒక్కదానికీ మచ్చ లేదు. చిన్న కుండీ మీద ఎండుటాకులు పరిచి రెండు పూటలా నీళ్లు పోశాక తర్వాతి గుత్తులు శుభ్రంగా వచ్చాయి. మచ్చ పడ్డ కాయ మాత్రం బాగుపడదు, తెంపేయండి.

ఎప్సమ్ సాల్ట్ పనికొచ్చే సందర్భమూ ఉంది. ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరిగితే అది మెగ్నీషియం లోపం. అప్పుడు వేయండి.

"గుడ్డు పెంకులు కాల్షియం ఇస్తాయి." పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, కానీ అది నీళ్లలో కరగదు. కిందటేడాది కుండీ బోర్లిస్తే, చేత్తో నలిపి వేసిన పెంకులు అంచులు కూడా అరగకుండా తెల్లగా బయటపడ్డాయి. మిక్సీలో మెత్తగా పట్టి మట్టి కలిపేటప్పుడే వేస్తే మెల్లగా కొంత అందుతుంది. మచ్చ చూశాక వేస్తే ఈ కాపుకి అందదు.

"అరటి తొక్క నీళ్లు చాలు." ఆ నీళ్లలోకి కొంత పొటాష్ దిగుతుంది, నత్రజని దాదాపు ఉండదు. అంతే.

"ఎరువులు కొనక్కర్లేదు." కుండీలో ఉండే మట్టే కాస్త, రోజూ పోసే నీళ్లతో అందులోని బలం కింది రంధ్రాల్లోంచి కారిపోతుంది. నేను మట్టిలో మూడో వంతు వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి కలుపుతాను. పూత మొదలయ్యాక పది రోజులకోసారి 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమంగా ఉండి నీళ్లలో కరిగే ఎరువు) లీటరు నీళ్లకు 2 గ్రాములు, కాయలు నిలిచాక దాని బదులు పొటాష్ ఎక్కువుండే 13-0-45. కాల్షియం నైట్రేట్ ఇవ్వాలనుకుంటే వేరే రోజు ఇవ్వండి. 19-19-19తో కలిపితే నీళ్లు తెల్లగా మారి మందు అడుగున పేరుకుంటుంది. యూరియా జోలికి పోకండి, 46 శాతం నత్రజనితో ఆకులు గుబురుగా పెరుగుతాయి తప్ప పూత రాదు.

"పూత రాలదు." పగలు 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా పనిచేయదు, పూత రాలుతుంది. ఏప్రిల్‌లో అందుకని ఎరువు పెంచకండి, మధ్యాహ్నపు ఎండకు షేడ్ నెట్ కట్టండి.